నేతి గరిటె ఆగిన చోటు

సంపూర్ణ చెవులకు ఏ లోపమూ లేదు. నేను పేషెంటుతో రాజకీయాలు మాట్లాడుతుంటే గోడవతల నుంచి "నాగరాజూ, ముందు ఆయన మోకాలి సంగతి చూడు" అని కేక వేస్తుంది. కానీ "చాలు" అన్న మాట మాత్రం ఆవిడకు వినిపించదు. మా సెంటర్‌కు వచ్చే ఎవరినైనా అడగండి. చెయ్యి లాగేస్తోంది, ఇవాల్టికి చాలమ్మా అని వాళ్లు మొత్తుకుంటారు. అవ్, ఇంకొక్కసారి చేసి ఆపేద్దాం అంటుంది సంపూర్ణ. ఆ ఒక్కసారి వెనక ఇంకో ఒక్కసారి ఉంటుందని రెండోరోజుకల్లా అందరికీ తెలిసిపోతుంది. అయినా ఆవిడ దగ్గరికి రావడం ఎవరూ మానరు. నా దగ్గరికి రావడం మానేస్తారు.

నా పేరు నాగరాజు. మాది ముదిగొండ. సత్తుపల్లిలో ఒక ప్రైవేటు దవాఖానా వెనక రేకుల షెడ్డులో మా సెంటర్ ఉంది. నేను ఫిజియోథెరపిస్టును. కీలు ఎంత వంగుతోంది, కండరానికి ఎంత బలముంది అన్నది నా లెక్క. సంపూర్ణ ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆ మాటకు అర్థం ఊళ్లో సగం మందికి తెలియదు. వాళ్లాయన జయరాజ్ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, "మనుషులకు చొక్కా తొడుక్కునుడు మళ్లా నేర్పుద్ది" అంటాడు. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను. చొక్కా తొడుక్కోవడం, అన్నం కలుపుకోవడం, తాళం తీయడం, జడ వేసుకోవడం. జబ్బు లాక్కుపోయిన రోజువారీ పనులను తిరిగి మనిషికి ఇప్పించడం ఆవిడ ఉద్యోగం.

ఇందులో నాకు జరిగే అన్యాయం ఏమిటంటే, పడిపోయిన భుజాన్ని నెలల తరబడి సాగదీసి పైకి లేపేది నేను. ఆ భుజంతో పేషెంటు అటక మీది పచ్చడి జాడీ దించుకోగానే పేరు సంపూర్ణకు వస్తుంది. పచ్చడి కూడా ఆవిడకే పంపిస్తారు.

ఆవిడది దుమ్ముగూడెం. తండ్రి ఏసయ్య అక్కడొక హాస్టల్లో వంట చేసేవాడు. ఆ హాస్టల్లోనే ఉండి చదువుకుంది. తండ్రే వంటవాడు కదా, కూతురికి నాలుగు ముక్కలు ఎక్కువ పడేవేమో అని నేనొకసారి అన్నాను. అదేం లేదట. కంచాలు పట్టుకుని వరసలో నిలబడితే అందరికీ ఒకే గరిటె. కూతురికి ఎక్కువ వేశాడని ఎవరైనా అంటారేమోనని ఆయన ఆవిడ గరిటె ఇంకాస్త తక్కువే నింపేవాడట. ఆ మాట నవ్వుతూ చెప్పింది గానీ, కంచం ముందు కూర్చున్న సంపూర్ణను చూస్తే నవ్వు రాదు. ఒక్క మెతుకు మిగల్చదు.

వెంకటరామారావు గారు మా దగ్గరికి వచ్చింది కిందటేడు వానాకాలం చివర్లో. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న కుటుంబం. వరి, పామాయిల్ తోటలు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. కాలు నేను నిలబెట్టాను. ఈ సంగతి ఇంకెవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను. చెయ్యి మాత్రం మొరాయించింది. వేళ్లు వస్తువును పట్టుకుంటాయి గానీ వదలమంటే ఆలోచనలో పడతాయి.

సంపూర్ణ ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతుంది. "బాబాయ్, ఈ చేత్తో మీకేం చేయాలనుంది?" అని ఆయన్నీ అడిగింది. ఏమీ లేదన్నాడు. అన్నం భార్య నిర్మలాదేవి తినిపిస్తోంది, చొక్కా పాలేరు తొడుగుతున్నాడు, ఇక చేతితో పనేముంది అన్నాడు. సంపూర్ణ ప్లాస్టిక్ కోన్లు, గుంటల చెక్క, రంగు రంగుల మేకులు ముందు పెట్టింది. ఆయన వాటిని కాసేపు చూసి, మా మనవరాలికి పంపించమ్మా, ఆడుకుంటుంది అన్నాడు. సరిగ్గా అప్పుడే గనిలో బ్లాస్టింగ్ జరిగి మా రేకులు గలగలమన్నాయి, కోన్లన్నీ పడిపోయాయి. పడినవి తీసి నిలబెట్టడం కూడా థెరపీయేనంది సంపూర్ణ. ఆయన కళ్లు మూసుకున్నాడు.

అలా కొన్ని వారాలు గడిచాయి. ఈయన చేత ఏదీ చేయించలేవక్కా, నా ఎక్సర్‌సైజులు నేను చేయిస్తాను, నువ్వు వదిలెయ్ అన్నాను. వదలడం ఆవిడకు చేతకాదని చెప్పాను కదా. అయితే ఆయన్ను బలవంతపెట్టలేదు. పొద్దున టీ వేళకు వచ్చి ఊరికే ఆయన ఎదురుగా కూర్చునేది. పని ఎగ్గొట్టడానికి మంచి పద్ధతి కనిపెట్టిందనుకున్నాను.

ఒకరోజు టీ తాగుతుండగా నా మోచెయ్యి గిల్లింది. మా సెంటర్‌కు తండా నుంచి మోతీలాల్ అనే అతను వస్తాడు. ఎండాకాలంలో తునికాకు కోతకు వెళ్లి బండ మీద పడి విరగ్గొట్టుకున్న మణికట్టు ఇంకా సరిగ్గా తిరగడం లేదు. ఆరోజు అతని గ్లాసులో టీ సగమే పడింది. రావుగారు టీ పోసే ఆవిడను పిలిచి, "అదేందమ్మా, ఆయన గ్లాసు సగమే ఉంది, నింపు" అన్నాడు. అన్నప్పుడు, ఒళ్లో పడి ఉన్న ఆ కుడి చెయ్యి గాల్లోకి లేచింది. కోన్లకు లేవని చెయ్యి, మేకులకు లేవని చెయ్యి, పక్కవాడి గ్లాసు నిండలేదనగానే లేచింది. నేను అంతకుముందు కూడా అది చూశాను. వణుకు అనుకుని నోట్స్‌లో అలాగే రాశాను.

సంపూర్ణ ఆ సాయంత్రమే నిర్మలాదేవి గారిని కూర్చోబెట్టి అడిగింది. ఆవిడ చెప్పుకొచ్చింది. ఈయన పెళ్లిళ్లకు వెళ్లి భోజనం చేయడట, చేయిస్తాడట. చుట్టుపక్కల ఏ శుభకార్యమైనా బంతి వేశారంటే పంచె ఎగ్గట్టి నేతి గిన్నె అందుకునేవాడట. ఎవరి ఆకులో ఎంత పడాలో ఆయనకు తెలిసినట్టు తినేవాడికి కూడా తెలియదట. ఊరివాళ్లు చాటుగా నేతిరావుగారు అంటారట. ఇప్పుడు కూతురు రాజ్యశ్రీ పెళ్లి మాఘమాసంలో ఉంది. వియ్యాలవారిది మధిర. వాళ్లిళ్లల్లో మొదటి బంతిలో వియ్యంకుడి ఆకులో నెయ్యి వేయాల్సింది ఆడపిల్ల తండ్రి స్వయంగా. ఈయనకు చెయ్యి పడిపోయింది కదాని పిల్లలు బంతి తీసేసి మొత్తం బఫే పెడదామన్నారు.

"దానికీయన ఏమన్నారు?" అని అడిగింది సంపూర్ణ.

"మీ ఇష్టం అన్నారమ్మా. కాపురానికొచ్చిన కాడ్నుంచీ ఆ మాట ఈయన నోట విన్లేదు నేను" అని నిర్మలాదేవి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పటికి నాకూ మనసు కలుక్కుమంది. నిలబడి పళ్లెం పట్టుకుని తినేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మంటట. ఎడమ చేత్తో వడ్డిస్తే సరిపోదా అని అడిగాను. ఆవిడ నన్ను చూసిన చూపులో, ఎడమ చేత్తో నెయ్యి వేస్తే వియ్యంకుడు పెళ్లికొడుకును రెక్క పట్టుకుని లేపి మధిర బస్సెక్కిస్తాడని స్పష్టంగా ఉంది.

మర్నాడు సంపూర్ణ కోన్లు, మేకులు అటకెక్కించింది. రావుగారి ముందు ఒక గిన్నె, ఒక గరిటె పెట్టింది. పెళ్లిలో మొదటి బంతి ఉంటుందా, బఫేనా అన్నది ఈ గరిటె చెబుతుంది బాబాయ్ అంది. ఆయన కోపంగా చూశాడు. ఎవరు చెప్పారు నీకు అన్నాడు. తరవాత గరిటెను చూశాడు. "ఇది సాంబారు గరిటెమ్మా. నెయ్యికి ఇంత పెద్దది వాడరు" అన్నాడు. అదీ మొదలు.

గరిటె కాడ వేళ్లలో నిలవడానికి సంపూర్ణ సైకిల్ ట్యూబు చుట్టింది. మొదట చింతపిక్కలు, తరవాత నీళ్లు. నీళ్లు నెయ్యిలా జారడం లేదని ఆయన అలిగితే నా మసాజ్ నూనె సీసా ఎత్తుకెళ్లి గిన్నెలో వంపేసింది. నేను ఎగిరాను. చేతికి రుద్దితే ఏమొస్తుంది, చెయ్యి దాన్ని వడ్డిస్తే లాభం గానీ అంది. నూనె దవాఖానాది కాదు, నేను నా జేబులోంచి కొన్నది.

బల్లల మీద పేషెంట్లను వరసగా కూర్చోబెట్టి స్టీలు పళ్లేలు పెట్టేది. మోతీలాల్, నడుం నొప్పి వాళ్లు ఇద్దరు, యశోదమ్మ. యశోదమ్మకు పక్షవాతంతో మాట పడిపోయింది. ఏం చెప్పినా తల ఊపడమే తప్ప నెలల నుంచి ఒక్క మాట లేదు. రావుగారు గిన్నె ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో గరిటె ముంచి, వరసగా వేసుకుంటూ వచ్చేవాడు. మొదట్లో నూనె పళ్లెంలో కన్నా ఒళ్లో ఎక్కువ పడింది. జబ్బు మనిషి కష్టపడుతున్నాడని అందరూ ఉత్సాహపరిచేవాళ్లు. వేయండి బాబాయ్, ఇంకొంచెం వేయండి, ఇంకో గరిటె. అందరికన్నా గట్టిగా సంపూర్ణ అరిచేది.

ఆయన మాత్రం మమ్మల్ని తిట్టేవాడు. బంతిలో కూర్చునే తీరు అదేనా, మోకాళ్లు ఎక్కడికి పోయాయి, వడ్డించేవాడు వంగితే తలకు తల కొట్టుకోదా అని. తిట్టే ఓపిక వచ్చిందంటే మనిషి కుదుటపడుతున్నట్టే. చలికాలానికి చుక్క ఒలక్కుండా వరసంతా వేయగలిగాడు. నేను మణికట్టు కొలిచాను. చక్కగా తిరుగుతోంది. ఆయన తన నోటితో బంతి భోజనాలు పెడదాం అన్నాడని నిర్మలాదేవి గారు స్వీట్లు తెచ్చి పంచింది. పెద్ద డబ్బా సంపూర్ణకిచ్చింది.

నిశ్చయ తాంబూలాలు రావుగారింట్లోనే జరిగాయి. మమ్మల్నీ పిలిచారు. ఒక చిన్న బంతి వేశారు. మధిర వియ్యంకుడు మధ్యలో కూర్చున్నాడు. తెల్ల సిల్కు చొక్కా, బంగారు రంగు గడియారం. రావుగారు పంచె ఎగ్గట్టి నేతి గిన్నె అందుకున్నాడు. గరిటె ముంచాడు. ఎత్తాడు. ముద్దపప్పు అన్నం మీద ధార చక్కగా పడింది. నేను సంపూర్ణ వైపు తిరిగి, మణికట్టు చూశావా అన్నాను.

అప్పుడు వియ్యంకుడు, మర్యాద తెలిసిన ఏ మనిషైనా చేసే పనే చేశాడు. "చాలు చాలు బావగారూ" అంటూ ఆకుకు అడ్డంగా చెయ్యి పెట్టాడు.

గరిటె ఆగలేదు. నెయ్యి ఆయన అరచేతి మీద పడింది, వేళ్ల సందుల్లోంచి జారింది, గడియారంలోకి వెళ్లింది, సిల్కు చొక్కా మోచేతి దాకా ఎక్కింది. గరిటె పూర్తిగా ఖాళీ అయ్యాకే ఆగింది. నెయ్యి గోరువెచ్చగా ఉంది కాబట్టి బతికిపోయాం. వియ్యంకుడు అరిస్తే బాగుండేది. ఆయన నవ్వి, పర్లేదు బావగారూ, మా ఊళ్లో నెయ్యి గరిటెలతోనే పోస్తారు అన్నాడు. ఆ మర్యాదకు రావుగారి మొహం నల్లబడిపోయింది. గిన్నె నిర్మలాదేవి గారి చేతిలో పెట్టి లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. మర్నాటి నుంచి సెంటర్‌కు రాలేదు. పెళ్లి మొత్తం బఫేనే అని కబురొచ్చింది.

నేను మణికట్టు తప్పన్నాను. ఇంకో పది డిగ్రీలు సాగదీయాలి అన్నాను.   సంపూర్ణ పని చేసుకుంటూ మధ్యలో ఆగిపోయి తన చేతిని పళ్లెం మీద పెట్టి చూసుకునేది, తీసేది, మళ్లీ పెట్టేది. పిచ్చెక్కిందేమోనని జయరాజ్‌కు ఫోన్ చేద్దామనుకున్నాను. ఇంటి దగ్గర కూడా అదే చేస్తోందని అతనే ఫోన్ చేశాడు.

ఆదివారం చర్చి అయ్యాక నన్ను వెంటబెట్టుకుని రావుగారింటికి బయల్దేరింది. ఆయన వరండాలో వాలు కుర్చీలో ఉన్నాడు. మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. సంపూర్ణ వంటింట్లోకి వెళ్లి తనే ఒక పళ్లెం, గిన్నెతో నీళ్లు, గరిటె తెచ్చుకుంది. నాకొక్కసారి వడ్డించండి బాబాయ్, మీ చెయ్యి చూడటానికి కాదు, మీ కళ్లు చూడాలి అంది. ఆయన విసుక్కుంటూనే ముంచాడు. సగం ధారలో ఆవిడ పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టింది. నీళ్లు చేతి మీద పడ్డాయి.

"ఎక్కడ చూస్తున్నరు బాబాయ్ మీరు?"

"గరిటెను."

"జబ్బు రాకముందు ఏం చూసేటోళ్లు?"

ఆయన గరిటె కింద పెట్టాడు. "తినేవాడి మొహం" అన్నాడు.

గరిటె ఎంత వంగిందో ఆ చేతికి ఇంకా సరిగ్గా తెలియడం లేదు. తెలియని చేతికి కళ్లు కాపలా కాస్తున్నాయి. కళ్లు గరిటె మీద ఉంటే, అవతలివాడు చెయ్యి అడ్డం పెట్టాడని చూసేదెవరు? చూసినా, పొయ్యడం నేర్చుకున్న చేతికి ఆపడం నేర్పలేదు మేము. ఇన్ని నెలల ప్రాక్టీసులో మా వరసలో ఒక్కరు కూడా వద్దనలేదు. సంపూర్ణ ఇదంతా అక్కడే నాకు విడమరచి చెప్పి, తప్పు నాదే తమ్ముడూ అంది. భోజనమంటే ఏమేం చేస్తారో ముక్కముక్కలుగా విడదీసి రాసుకున్నాను, అందులో వద్దనడం రాసుకోలేదు అంది. హాస్టల్లో వద్దనే పిల్లను నేనెక్కడ చూశాను, వడ్డించేవాడికి అడ్డం చెయ్యి పెడతారన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు అంది. నేను మాత్రం పుట్టినప్పటి నుంచీ బంతుల్లో చాలు చాలు అంటూ తిన్నవాడినే, నాకెందుకు తట్టలేదో అడుగుతుందని భయపడ్డాను. అడగలేదు.

రావుగారు ఆవిడ వైపు వింతగా చూశాడు.

"నువ్వు వినవని నాకు ముందే తెలుసమ్మా. రోజూ చేతులు లాగేసి చాలమ్మా చాలమ్మా అన్నాను. నువ్వేమన్నావు?"

"ఇంకొక్కసారి అన్న."

"వడ్డించేవాడికి అది పనికిరాదు. చాలు అన్నవాడి మొహం చూడాలి. నిజంగా చాలా, మర్యాదకు చాలా అని. నేను గరిటెను చూస్తన్నట్టు నువ్వు నా చేతిని చూశావు."

 ఆవిడ తల దించుకుని పళ్లెంలో నీళ్లు చూస్తూ కూర్చుంది. నాకు జాలేసింది. ఆయనకూ వేసినట్టుంది. అయినా నువ్వు ఇంకొక్కసారి అనకపోతే ఈ చెయ్యి ఈ మాత్రం కూడా లేచేది కాదు, రేపొస్తాలే అన్నాడు.

ఆ మర్నాటి నుంచి మా సెంటర్ నియమం మారింది. వరసలో కూర్చున్న ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు చాలు అనాలి. ఎప్పుడన్నది వాళ్లిష్టం. రావుగారు గరిటె చూడకూడదు, మొహం చూడాలి. చేతికి బరువు తెలియడానికి కళ్లు మూసుకుని ముంచడం, వంచడం, ఆపడం విడిగా చేయించింది. సగం గరిటె ముంచితే ఆపడం తేలికవుతుందని నేను సలహా ఇచ్చాను. సగం గరిటె నెయ్యి వేస్తే ఊళ్లో తలెత్తుకోలేనన్నాడు ఆయన. చివరికి సంపూర్ణ అందులో సగం పట్టే చిన్న గరిటె వెతికి తెచ్చింది. నిండు గరిటే అని ఆయన, సగం నెయ్యే అని నేను, ఇద్దరం నెగ్గాం.

చాలు అనడం ఒకేలా ఉండదని ఆయన మాకు పాఠం చెప్పాడు. అరచెయ్యి ఆకుకు ఆనించాడంటే నిజంగా చాలు. చెయ్యి పైన పెట్టి వేళ్లు విడదీశాడంటే మర్యాద. పక్కవాడి ఆకు చూస్తూ చాలు అన్నాడంటే, వాడికెంత వేశావో నాకూ అంత వెయ్యి అని. మోతీలాల్ రెండు చేతులూ అడ్డం పెట్టి, "గిదేమో సారూ?" అన్నాడు. అది అజీర్తి అన్నాడు రావుగారు.

మా పేషెంట్లకు ఇది బాగా నచ్చింది. ఎప్పుడూ ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయమనడమే తప్ప వద్దనే అవకాశం వాళ్లకు ఎవరిచ్చారు? గట్టిగా వద్దనేవాళ్లు, కోపంగా వద్దనేవాళ్లు, నవ్వుతూ వద్దనేవాళ్లు. ఒకరోజు రావుగారు యశోదమ్మ పళ్లెం మీదకు వంగాడు. గరిటె వంచబోయాడు. ఆవిడ పెదాలు కదిలాయి. "వద్దు" అంది. తొట్రుపాటు లేకుండా, ఇంటి పెద్దావిడ అన్నట్టే అంది. గరిటె ఠక్కున ఆగింది. యశోదమ్మ కూతురు మూల కూర్చుని భోరుమంది. నా కళ్లూ చెమర్చాయి. కానీ ఆ రోజు నుంచి యశోదమ్మ నేను కాలు పట్టుకుంటే వద్దు, భుజం పట్టుకుంటే వద్దు. వచ్చిన ఒక్క మాటనూ నా మీదే ఖర్చు పెట్టింది.

పెళ్లి ఫంక్షన్ హాల్లో జరిగింది. జనానికి బఫే పెట్టారు. వియ్యాలవారికి మాత్రం ఒక వరస బల్లలు, అరిటాకులు. పిల్లల ముందు రావుగారు అంత దూరమే రాజీపడ్డాడు. ఆ వరసలో చివర నాకూ సంపూర్ణకూ ఆకులు వేయించాడు. మేం పనివాళ్లం బాబాయ్, అవతల తింటాం అని సంపూర్ణ అంటే, ఊరుకోమన్నాడు.

వియ్యంకుడు ఈసారి గడియారం తీసి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచాడు. రావుగారు నేతి గిన్నెతో వస్తుండగానే, గరిటె ఇంకా గిన్నెలో ఉండగానే, ఆకు మీద అరచెయ్యి ఆనించేశాడు. సంపూర్ణ నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

రావుగారు గరిటె ఎత్తాడు.  ఆయన గరిటె చూడలేదు, వియ్యంకుడి మొహమే చూశాడు. అరచెయ్యి ఆకుకు ఆనితే నిజంగా చాలు అని ఆయనే మాకు చెప్పాడు. ఆగిపోవచ్చు. వెనక్కి తిరగొచ్చు. ఎవరూ ఏమీ అనరు.

"బావగారూ, అది చాలు అనడం కాదు, భయం. చెయ్యి తియ్యండి. ఈసారి ఆగుద్ది" అన్నాడు.

వియ్యంకుడు ఆయన మొహం చూసి, నెమ్మదిగా చెయ్యి తీశాడు. నెయ్యి అన్నం మీద పడింది. సన్నగా, తొందర లేకుండా. వియ్యంకుడు చాలు అన్నాడు. గరిటె ఆగింది. అంచున వేలాడుతున్న చివరి చుక్కను రావుగారు గిన్నెలోకే తిప్పుకున్నాడు. వెనక నిర్మలాదేవి గారు ముక్కు చీదుకోవడం వినిపించింది. వియ్యంకుడు ఆకులోంచి తలెత్తకుండానే, "ఇంకో గరిటె పట్టుద్ది బావగారూ" అన్నాడు.

వరసంతా వేసుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. సంపూర్ణ ఆకులో ఒక గరిటె వేసి ఆగాడు. ఆవిడ ఏమీ అనలేదు. ఇంకోటి వేశాడు. ఏమీ అనలేదు. మరోటి. పప్పు అన్నం నేతిలో మునిగిపోతోంది. ఆవిడ అన్నం వైపు చూస్తూ కూర్చుంది.

"చాలు అనమ్మా. నువ్వంటేగదా నేను ఆగేది" అన్నాడు మెల్లగా.

ఆవిడ చెయ్యి ఎత్తింది. ఎలా పెట్టాలో తెలియనట్టు గాల్లో కాసేపు ఉంచింది. తరవాత అరచేతిని ఆకుకు ఆనించింది. "చాలు బాబాయ్" అంది. ఆ మాట ఆవిడ నోట వినడం నాకదే మొదలు. 

రావుగారు గరిటె గిన్నెలో పెట్టేశాడు. "నాకూ చాలమ్మా. రేపట్నుంచి రాను" అన్నాడు.

ఆయన చొక్కా బొత్తాలు ఇంకా పాలేరే పెడుతున్నాడు. సంతకం ఇంకా కుదరలేదు. ఇంకొక్క నెల అన్న మాట సంపూర్ణ నాలుక చివరిదాకా రావడం నేను చూశాను. ఆవిడ ఆయన చేతి వైపు చూడలేదు, మొహం వైపు చూసింది. చాలాసేపే చూసింది.

"సరే బాబాయ్" అంది.

నాకు మండుకొచ్చింది. భుజం ఇంకా పూర్తిగా పైకి లేవడం లేదు, నా పని సగంలో ఉంది, నన్ను ఒక్క మాట అడగకుండా ఇద్దరూ తేల్చేసుకుంటే ఎలా? ఆ మాటే అనబోయాను. ఈలోగా రావుగారు నా ఆకు మీదకు వంగి ఒక గరిటె వేశాడు. చాలు చాలు, నాకు నెయ్యి పడదు అన్నాను కోపంగా. ఆయన నా మొహం చూసి ఇంకో గరిటె వేశాడు.

నిజం చెప్పాలంటే నాకూ ఇంకొంచెం కావాలనే ఉంది.